టికెట్ వెనక రాసిన చిల్లర

పోయిన జూన్‌లో ఒక ఆదివారం. నాయనా నేనూ చిత్తూరు పోవడానికి పూతలపట్టులో బస్సెక్కాం. నాయన 200 నోటిచ్చాడు. కండక్టరు టికెట్ కొట్టి, దాని వెనక పెన్నుతో ఒక అంకె గీకి, "చిల్లర దిగేటప్పుడు ఇస్తా సార్" అన్నాడు.

చిత్తూరు బస్టాండులో జనమంతా దిగిపోయారు. నాయన మాత్రం ఎండలో, బస్సు డోరు దగ్గర టికెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు లోపలికి పోయి రావడానికి పది నిమిషాలు పట్టింది. "ఫోన్‌పే కొట్టుంటే ఈ తిప్పలుండేది కాదు కదా నాయనా" అన్నాను.

"మన డబ్బు పాపా. ఆయప్ప రాసిచ్చినాడు. మనం అడగాల, అంతే" అన్నాడు.

ఇదే మనిషి మూడేళ్లుగా 34,320 రూపాయల చిల్లర అడక్కుండా వదిలేశాడని నాకు ఆ తర్వాతి నెలలో తెలిసింది. ఆయన సంగతి చివర్లో చెప్తా. ముందు నాది చెప్పుకోవాలి. ఎందుకంటే నేనూ తక్కువేం తినలేదు.

నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తున్నా. తిరుపతి బైరాగిపట్టెడలో రెండు గదుల ఇల్లు, అద్దె 11,000. ఎస్వీయూలో చదివే తమ్ముడూ నేనూ ఉంటాం. ఫస్ట్ షిఫ్ట్ అయితే తెల్లారకముందే లీలామహల్ సర్కిల్లో కంపెనీ బస్సెక్కి, సీట్లో కూర్చోగానే నిద్రపోయే బతుకు. నెలకు గ్రాస్ 70,000. ఎంటెక్‌కి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇంకా నడుస్తోంది. పేస్లిప్పులో నేను చూసేది ఒక్కటే, అడుగున ఉండే నెట్ పే. మధ్యలో 'టీడీఎస్ 2,297' అని ఒక గీత ఉండేది. పీఎఫ్ కోసినట్టే ఇదీ కోస్తారు, ఉద్యోగమంటే అంతే అనుకునేదాన్ని.

2024 ఏప్రిల్లో హెచ్ఆర్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. పాత పన్ను విధానమా, కొత్తదా ఎంచుకోమని. క్యాంటీన్లో కేక్ కటింగ్ మెయిళ్ల కింద అది పడిపోయింది. నేను తెరవలేదు. మనం నోరు తెరవకపోతే కొత్త విధానమే మనది. 2023-24 నుంచి చట్టం అట్లా మారింది. కొత్త విధానంలో రేట్లు తక్కువ, కానీ ఇంటి అద్దె, ఎల్ఐసీ, ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ, అమ్మానాన్నల ఇన్సూరెన్స్ ఇవేవీ లెక్కలోకి రావు. మౌనం అర్ధాంగీకారం అంటారు గదా. పన్నుల్లో మౌనం పూర్తి అంగీకారమే.

జనవరి వచ్చింది. బస్సులో అందరూ 'ప్రూఫ్స్, ప్రూఫ్స్' అంటున్నారు. నేనూ అద్దె రశీదులు పట్టుకుని మా ఓనరమ్మ దగ్గరికి పోయాను. ఏడాదికి లక్ష దాటి అద్దె కడితే కంపెనీ ఓనరు పాన్ నంబరు అడుగుతుంది. ఆమె నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "పాన్ మాత్రం అడగద్దు మ్మా, మా ఆయన ఒప్పుకోడు" అంది. తిరుపతిలో అద్దెకుండే వాళ్లకి ఈ కాఫీ రుచి తెలుసు. వారం తిరిగాను. ఆఖరికి పాన్ లేకుండానే కాగితాలు తీసుకుపోతే హెచ్ఆర్ పిల్ల కంప్యూటర్ చూసి, "మీది న్యూ రెజీమ్ మేడమ్. పాన్ ఉన్నా లేకున్నా ఇవి ఇక్కడ పనికిరావు" అంది. పోర్టల్ అప్పటికే మూసేశారట.

ఆ పిల్లని అనడానికి ఏమీ లేదు. కంపెనీ కోసేది నా పన్నును కాదు, నా పన్ను ఇంత ఉండొచ్చని వాళ్లు వేసుకున్న అంచనాను. ఆ అంచనా తక్కువైతే కంపెనీయే బాధ్యురాలు. కోయని మొత్తానికి నెలకు 1 శాతం వడ్డీ కట్టాలి, నోటీసులు వస్తాయి. ఎక్కువైతే? ఎవరూ అడగరు. ఆ ఎక్కువ నాది, ఆ నష్టం నాది, అడగాల్సింది కూడా నేనే. ఇట్లాంటి కుర్చీలో మీరు కూర్చున్నా అనుమానమొచ్చిన ప్రతిచోటా కాస్త జాస్తిగానే కోస్తారు. ఈ ఒక్క సంగతి అర్థమయ్యాక నాకు పేస్లిప్పు వేరేగా కనపడటం మొదలైంది.

జూన్‌లో ఫారం 16 వచ్చింది. అందులో ఏడాది మొత్తానికి కోత: 27,560 రూపాయలు. అంటే రెండున్నర నెలల అద్దె.

అదే వారం మా బస్సు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. 'శాలరీ ఎంప్లాయీస్‌కి 100 శాతం టీడీఎస్ రీఫండ్. ముందు ఏమీ కట్టక్కర్లేదు. వచ్చాక 15 శాతం చాలు.' నంబరుకి ఫోన్ చేశాను. అబద్ధమెందుకు, ఆశపడ్డాను. అతను ఫారం 16, పాన్, పోర్టల్ పాస్‌వర్డ్ పంపమన్నాడు. ఫారం 16 మాత్రం పంపాను. పది నిమిషాల్లో జవాబు: 'మేడమ్ 27,560 ఫుల్ వస్తుంది. మా ఫీజు 4,134.'

"ఎట్లా వస్తుంది?" అని అడిగాను.

"అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్. పార్టీ ఫండు, ట్రీట్‌మెంటు, అట్లా ఏదో ఒకటి పెడతాం."

నేను ఏ పార్టీకీ రూపాయి ఇవ్వలేదు. నాకే జబ్బూ లేదు. నిజానికి ఆ రాత్రి పాస్‌వర్డ్ టైప్ చేసి, పంపకుండా తుడిచేశాను. పెద్ద నిజాయితీతో కాదు. మా బస్సులోనే వెనక సీట్లో కూర్చునే ఒకన్న సంగతి గుర్తొచ్చి. ఆయన ముందు ఏడాది ఇట్లాగే ఎవరితోనో చేయించుకున్నాడు. డబ్బు వచ్చింది, బైక్ సర్వీసుకి, పండక్కి అయిపోయింది. తర్వాత డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్: మీరు చూపించిన విరాళానికి ఆధారం ఏది? ఆయన అప్‌డేటెడ్ రిటర్న్ వేసి వచ్చిన డబ్బు కట్టాడు, దాని మీద వడ్డీ కట్టాడు, ఆ రెండూ కలిపిన దాని మీద ఇంకో 25 శాతం కట్టాడు. ఏజెంటు తన కమీషన్ వెనక్కివ్వలేదు. ఫోనే ఎత్తలేదు.

ఆయన ఒక్కడే కాదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతా 150 చోట్ల ఇట్లాంటి దొంగ మినహాయింపుల మీద తనిఖీలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సరిచేసుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖే ప్రకటించింది. తప్పు ఒప్పుకోకుండా దొరికితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతల దాకా జరిమానా. సంతకం మనది, పాన్ మనది. ఏజెంటుకి ఏముంది, ఒక సిమ్ కార్డు.

తర్వాతి ఆదివారం తమ్ముడు ఇడ్లీ పొట్లాలు తెస్తే, ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఉన్న నిజం రాస్తే ఎంతొస్తుందో చూద్దాం అని.

లెక్క చెప్తా, విసుక్కోకండి. ఏడాది జీతం 8,40,000. నా బేసిక్ 4,20,000. హెచ్ఆర్ఏ 1,68,000. హెచ్ఆర్ఏ అంతా మినహాయింపు కాదు. మూడు లెక్కలు వేసి ఏది తక్కువైతే అది ఇస్తారు. ఒకటి అసలు వచ్చిన హెచ్ఆర్ఏ, రెండోది మనూళ్లలో అయితే బేసిక్‌లో 40 శాతం. ఈ రెండూ నాకు 1,68,000 దగ్గరే ఉన్నాయి. మూడోది, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేయగా మిగిలింది. 1,32,000లో 42,000 పోతే 90,000. అదే తక్కువ కాబట్టి నాకొచ్చేది 90,000. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 2,400. ఇక్కడికి 6,97,600కి దిగాం. పీఎఫ్, ఎల్ఐసీ, పీపీఎఫ్ కలిపి 1,04,400. ఎడ్యుకేషన్ లోన్ మీద ఆ ఏడాది కట్టిన వడ్డీ 71,000. ఇందులో అసలు లెక్కకు రాదు, వడ్డీ ఒక్కటే వస్తుంది. దానికి పైపరిమితి లేదు గానీ ఎనిమిదేళ్లే ఇస్తారు. అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్ 28,000.

తమ్ముడు క్యాలిక్యులేటర్ నొక్కి నా మొహం చూశాడు. 4,94,200. పాత విధానంలో 5 లక్షల లోపు ఉంటే 87ఏ రిబేటు వచ్చి పన్ను సున్నా.

"అక్కా, మొత్తం నీదే" అన్నాడు.

మొత్తం. ఏజెంటు చెప్పిన అంకె అదే, 27,560. నిజంగా నాకు రావాల్సిన డబ్బుకే అతను దొంగ కాగితాలు పెట్టి, నా చేతనే 4,134 కట్టించుకునేవాడు. నువ్వు అద్దె కడతావా, నీకు లోన్ ఉందా అని ఒక్క ముక్క అడగలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

రిటర్న్ వేయడం అనుకున్నంత కష్టం కాదు. ఈ-ఫైలింగ్ పోర్టల్లో ఐటీఆర్-1, పేరు 'సహజ్'. ముందు 26ఏఎస్, ఏఐఎస్ రెండూ తెరిచి చూసుకోవాలి. 26ఏఎస్‌లో కంపెనీ మన పేరున ఎంత పన్ను కట్టిందో ఉంటుంది. టికెట్ వెనక కండక్టరు రాసిన అంకె అన్నమాట. ఫారం 16లో ఉన్నది అక్కడ లేకపోతే రీఫండ్ రాదు, కంపెనీని అడిగి సరిచేయించుకోవాలి. ఏఐఎస్‌లో మన బ్యాంకు వడ్డీలు, ఎఫ్‌డీలు, షేర్లు అన్నీ కనపడతాయి. మనకి గుర్తులేనివి కూడా! నా సేవింగ్స్ ఖాతా వడ్డీ మూడు వేల చిల్లర అందులో ఉంది. దాన్ని ఆదాయంలో చూపించి, 80టీటీఏ కింద తీసేశాను.

రిటర్న్ మొదట్లోనే ఒక మెలికల ప్రశ్న ఉంటుంది. కొత్త విధానం నుంచి బయటికి రావాలనుకుంటున్నారా అని. 'నో' అని ముందే టిక్ పెట్టి ఉంటుంది. పాతది కావాలంటే 'ఎస్' నొక్కాలి. నా 27,560 అంతా ఆ ఒక్క నొక్కుడులో ఉంది. ఉద్యోగి కంపెనీకి ఏం చెప్పినా, ఏమీ చెప్పకపోయినా, రిటర్న్ వేసేటప్పుడు మళ్లీ ఎంచుకోవచ్చు. అయితే గడువులోపు వేస్తేనే. 2025లో గడువు జులై 31 నుంచి సెప్టెంబరు 15కి, ఆఖర్న 16కి జరిగింది. గడువు దాటాక డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్న్ వేయొచ్చు, రీఫండూ అడగొచ్చు. పాత విధానం మాత్రం అప్పుడు దక్కదు.

ఓనరమ్మ పాన్? ఆ అడ్డం కంపెనీ దగ్గరే. నేను వేసిన ఐటీఆర్-1లో బేసిక్, హెచ్ఆర్ఏ, కట్టిన అద్దె, పనిచేసే చోటు అడిగారు, అంతే. పన్నెండు నెలల ఫోన్‌పే చెల్లింపులు, ఆమె సంతకం పెట్టిన రశీదులు ఫైల్లో పెట్టుకున్నాను. రేపు ఎవరైనా అడిగితే చూపించాలి గదా. ఎల్ఐసీ పాలసీ నంబరు, లోన్ ఇచ్చిన బ్యాంకు, ఖాతా నంబరు, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఇవన్నీ 2025 నుంచి కచ్చితంగా నింపమంటున్నారు. దొంగ క్లెయిములు పెట్టేవాళ్ల పుణ్యం.

ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేశాను. ఇది 30 రోజుల్లో చేయకపోతే వేసిన రిటర్న్ వేయనట్టే. మా షిఫ్టులో ఒకమ్మాయి సబ్మిట్ కొట్టి, వెరిఫై మర్చిపోయి, రెండు నెలలు రీఫండ్ కోసం ఎదురుచూసింది.

సెప్టెంబరులో ఒక రోజు బస్సులో నిద్రలో ఉండగా ఫోన్ మోగింది. బెంగళూరు సీపీసీ నుంచి 143(1) ఇంటిమేషన్. ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పాన్ చిన్నక్షరాల్లో, పక్కన పుట్టిన తేదీ. నాకిది తెలీక అరగంట కొట్టుకున్నాను. తర్వాత ఖాతాలో పడింది 27,560 కాదు, 28,385. ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం చొప్పున ఆరు నెలల వడ్డీ 825. మన డబ్బు వాళ్ల దగ్గరున్నందుకు వడ్డీ ఇస్తారని నాకు తెలీనే తెలీదు. ఆ 825 వచ్చే ఏడాది నా ఆదాయంలో చూపించాలట. సరే, చూపిస్తాం.

ఆ తర్వాత నుంచి బస్సులో నా నిద్ర పోయింది. ప్రతి సీటు నుంచీ ఒక ఫారం 16 ముందుకొస్తుంది.

అందరికీ రీఫండ్ రాదు. కొందరికి కొత్త విధానమే లాభం. వాళ్లకి కోసింది సరిగ్గానే కోశారు, అదే చెప్పాను. ఇక 2025-26లో కొత్త విధానంలో 12 లక్షల దాకా, జీతగాళ్లకి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిపి 12,75,000 దాకా పన్నే లేదు కాబట్టి నాలాంటి వాళ్లకి ఈ ఏడాది కోతే లేదు. "ఇంక రిటర్న్ ఎందుకు?" అంటున్నారు. ఆ మాట తప్పు. రిబేటుతో పన్ను సున్నా అయినా, ఆదాయం కనీస మినహాయింపు పరిమితి దాటితే రిటర్న్ వేయాల్సిందే. పైగా కోసేది జీతంలోనే కాదు.

నా పాత రూమ్మేట్ రెండేళ్ల పైచిలుకు పనిచేసి, మానేసి, గ్రూప్స్‌కి చదువుతోంది. పీఎఫ్ 62,000 తీసుకుంది. అయిదేళ్ల సర్వీసు నిండకుండా 50,000, ఆ పైన తీస్తే 10 శాతం కోత. 6,200 పోయింది. "నాకు ఆదాయమే లేదు, నేనెందుకు రిటర్న్ వేయాల?" అనుకుంది. ఆదాయం లేదు కాబట్టే వేయాలి! పన్ను పడే ఆదాయం లేనివాళ్లకి ఆలస్యానికి ఫీజు కూడా లేదు. మిగతావాళ్లకి 5 లక్షల లోపయితే 1,000, దాటితే 5,000. ఆ పిల్ల పోయిన వారమే వేసింది.

ఒక కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా చేసే అన్న సంగతి ఇంకా అన్యాయం. నెలకు 30,000 చేతికొచ్చే ముందే 3,000 కోస్తారు, ఆయన్ని ఉద్యోగిగా కాకుండా ప్రొఫెషనల్‌గా రాసుకున్నారు కాబట్టి. ఏడాదికి 36,000. ఆయనకి ఇంకే ఆదాయమూ లేదు. నాలుగేళ్లుగా అది తన జీతంలో భాగం కాదనే అనుకున్నాడు. ఆయనకి ఐటీఆర్-1 కుదరదు, ఫారం వేరే. నాకు రాదని చెప్పి తెలిసిన ఆడిటర్ దగ్గరికి పంపాను. గడువు దాటిన ఏళ్ల సంగతి ఏమిటని ఆయన అడిగాడు. దానికి నా దగ్గర జవాబుంది, ఎందుకంటే అప్పటికే ఆ పనిమీద మా ఇంట్లో యుద్ధం నడుస్తోంది.

మా నాయన జడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్. లెక్కల సారు. వచ్చే ఏడాది రిటైర్మెంటు. జులైలో నా రిటర్న్ పని చూసి ఆయన పాత ఫారం 16లన్నీ ముందేశాడు, "ఇవి గూడా ఒకసారి చూడు పాపా" అని. 2021-22ది తెరిస్తే 52,520 కోత. మిగతా ఏళ్లలో ఎప్పుడూ అంత లేదు. ఏమిటని అడిగితే, 24 ఏళ్ల స్కేలు మూడేళ్లు ఆలస్యంగా మంజూరై, 1,80,000 అరియర్స్ ఒక్కసారే వచ్చాయన్నాడు.

మూడేళ్ల జీతం ఒకే ఏడాదిలో పడితే ఆదాయం ఒక్కసారిగా ఉబ్బుతుంది. నాయన పన్ను పడే ఆదాయం అరియర్స్ లేకుండా 5,10,000. అవి కలిస్తే 6,90,000. ఆ 1,80,000 మొత్తం 20 శాతం శ్లాబులో పడి, సెస్సుతో 37,440 పన్నయింది. అదే ఆ డబ్బు రావాల్సిన ఏళ్లలో, ఏడాదికి 60,000 చొప్పున వచ్చుంటే? 2018-19లో 3,120. తర్వాతి రెండేళ్లలో ఆయన ఆదాయం 5 లక్షలు దాటేది కాదు, కాబట్టి సున్నా, సున్నా. అంటే పై అధికారులు ఫైలు ఆలస్యం చేసినందుకు నాయన 34,320 జరిమానా కట్టినట్టు. చట్టానికి ఈ సంగతి తెలుసు. సెక్షన్ 89 కింద ఆ తేడా వెనక్కిస్తారు. దానికి ఫారం 10ఈ ఆన్‌లైన్లో వేయాలి, అదీ రిటర్న్ కంటే ముందు. 10ఈ లేకుండా రిటర్న్‌లో ఈ మినహాయింపు అడిగితే ఇవ్వరు. టీచర్లు, ఉద్యోగులు, అరియర్స్ పడిన ఎవరైనా సరే, ఈ ఒక్క ఫారం పేరు గుర్తుపెట్టుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం పోయి 2025 చట్టం అమలు కాబట్టి సెక్షన్ నంబర్లు మారతాయి. పాత ఏళ్లకి పాత లెక్కలే.

నాయన 10ఈ వేయలేదు. ఆ ఏడాది అసలు రిటర్నే వేయలేదు.

"గవర్నమెంటుకు పోయింది హుండీలో ఏసినట్టే పాపా. ఎనక్కి అడగతామా?" అన్నాడు.

"హుండీలో మన చేత్తో మనం వేస్తాం నాయనా. దీన్ని వాళ్లు కోసుకున్నారు. చిత్తూరు బస్టాండులో పది నిమిషాలు ఎందుకు నిలబడ్డావు మరి?"

ఏమీ మాట్లాడలేదు. లెక్కల సారు కదా, నా లెక్క ఇంకోసారి వేసుకున్నాడు. 34,320 దగ్గర పెన్ను ఆగింది.

ఆ ఏడాది రిటర్న్‌కి గడువు 2022 జులై, ఆలస్యంగా అయితే డిసెంబరు. అంతా దాటిపోయింది. అప్‌డేటెడ్ రిటర్న్ అని ఒకటుంది గానీ దాంతో రీఫండ్ అడగడానికి వీల్లేదు. మిగిలింది ఒకే దారి, 119(2)(బి). ఆలస్యాన్ని మన్నించమని కమిషనర్‌కి అర్జీ. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన అయిదేళ్లలోపు పెట్టుకోవచ్చు. నాయనది 2022-23 అసెస్‌మెంట్ ఇయర్ కాబట్టి 2028 మార్చి దాకా ఉంది. అర్జీ ఒప్పుకుంటేనే రిటర్న్ వేయనిస్తారు. ఒప్పుకోవాలంటే ఆలస్యానికి నిజమైన కారణం చూపించాలి, కాగితాలతో సహా.

కారణం ఉంది. ఆ జులైలో అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయింది. బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత మళ్లీ ఇన్ఫెక్షన్, మళ్లీ ఆస్పత్రి. డిసెంబరు దాకా నాయన సెలవులన్నీ దాంట్లోనే పోయాయి. నాయన ఫారం 16 కవరు కూడా విప్పలేదు.

"మీ అమ్మ జబ్బు కాగితం మీద రాసి డబ్బులడగాల్నా? నాకొద్దు. గమ్మునుండు పాపా" అన్నాడు. లేచి బయటికి పోయి చెనిక్కాయల బస్తా దగ్గర కూర్చున్నాడు.

రెండు నెలలు ఆ మాట మళ్లీ ఎత్తనివ్వలేదు. నేను రెండుసార్లు ఎత్తి, రెండుసార్లూ తిట్లు తిన్నాను. సెప్టెంబరులో నా రీఫండ్ వచ్చిన వారం ఇంటికి పోతే, సంగటి కెలుకుతూ అమ్మే అడిగింది, "మీ నాయన డబ్బు సంగతి ఏమాయ?" అని. చెప్పాను. ఆయన ఎందుకు ఒప్పుకోవడం లేదో కూడా చెప్పాను. అమ్మ తెడ్డు పక్కన పెట్టింది.

"కోసింది నన్ను. నాకు లేని సిగ్గు మీకేంది? రాయండి."

ఆ రాత్రి నాయన తెల్ల కాగితం తీసుకుని, బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాలతో, తెలుగులో మొత్తం రాశాడు. నేను ఇంగ్లిష్‌లోకి మార్చాను. ఆయన రాసిందాంట్లో ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు. తేదీలు, వార్డు, ఎన్నిరోజులు, ఎన్నిసార్లు. డిశ్చార్జి సమ్మరీ, ఫారం 16, అరియర్స్ బిల్లు నకలు, 10ఈ లెక్క జతచేశాం. పోర్టల్లో చూస్తే ఇంకో చిక్కు. రీఫండ్ పడాల్సిన ఖాతా ఇంకా 'ఆంధ్రా బ్యాంక్' అనే ఉంది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్లోనే యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఐఎఫ్ఎస్‌సీ మారిపోయింది. కొత్త కోడ్‌తో మళ్లీ వాలిడేట్ చేయించాం. లేకపోతే అంతా అయ్యాక, డబ్బు వచ్చి గుమ్మం దగ్గర తిరిగి పోయేది.

మన పాన్ ఏ వార్డు కిందికి వస్తుందో పోర్టల్లోనే కనపడుతుంది. పొద్దున పది గంటలకి ఇద్దరం పోయాం. నేను భయపడినంత ఏం లేదు. అక్కడున్న ఆమె కాగితాలన్నీ తిప్పి చూసి, ఒక పేజీలో సంతకం లేదని చూపించి, పెట్టించుకుని, మా నకలు మీద ముద్ర వేసింది. "ఆర్డర్ వచ్చాకే రిటర్న్ వేయాలి సార్. ముందే వేయద్దు" అని రెండుసార్లు చెప్పింది. నాయన ఆ నకలు మడిచి చొక్కా జేబులో, కళ్లద్దాల వెనక పెట్టుకున్నాడు.

ఇది జరిగి ఏడు వారాలు. ఇంకా ఏమీ తేలలేదు. ఇస్తారో ఇవ్వరో కూడా చెప్పలేం. నాకు ఫస్ట్ షిఫ్ట్ ఉన్న రోజుల్లో, బస్సు రేణిగుంట దాటకముందే ఫోన్ మోగుతుంది.

"పోర్టల్లో ఏమన్నా కనపడతాందా పాపా?"

"ఇంకా లేదు నాయనా."

"సర్లే. రేపు చూడు."